ఒకే ఫ్లాట్, మూడు తరాలు: ఫిర్యాదుల్ని విడదీసి చూసిన ఒక కేసు

కొడుకు ఫోన్ చేసి చెప్పింది రెండు ముక్కలు. "నాన్నకీ మా పాపకీ అస్సలు పడట్లేదండి, జనరేషన్ గ్యాప్. మీరు నాన్నకి కొంచెం నచ్చజెప్పాలి." జబ్బు పేరు ఆయనే చెప్పేశారు, మందు ఎవరికి వేయాలో కూడా ఆయనే చెప్పేశారు. ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి వచ్చే ఇలాంటి కేసులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

కుటుంబం వివరాలు ఇవీ. గుర్తుపట్టకుండా ఉండేందుకు రెండు మూడు కుటుంబాల సంగతులు కలిపి, కొన్ని మార్చి రాశాం. పెద్దాయనకు 72 ఏళ్లు. తెనాలి మనిషి, ఆర్టీసీ గ్యారేజీలో 35 ఏళ్లు మెకానిక్‌గా చేసి 2011లో రిటైరయ్యారు. భార్య పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి హైదరాబాద్ కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. కొడుకు 43, సాఫ్ట్‌వేర్. కోడలు 39, ప్రైవేటు బ్యాంకు ఉద్యోగం. మనవరాలికి 16, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. మనవడికి 9. పెద్దాయన కూతురు డాలస్‌లో ఉంటుంది, ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో పెద్దాయన మంచం మనవడి గదిలో.

ఇంటికి వెళ్లి చూడటం ఇలాంటి కేసులో తప్పనిసరి. సెంటర్‌లో కూర్చుని ఎంత విన్నా తెలియనివి గుమ్మం దాటగానే కనపడతాయి. ఇక్కడ పెద్దాయన కుర్చీ హాల్లో టీవీకి ఎదురుగా, మనవరాలి గది తలుపు పక్కనే ఉంది. ఆ పిల్ల బయటికి రావాలన్నా లోపలికి పోవాలన్నా ఆయన్ను దాటాలి. ఆయన మందుల డబ్బా వంటగదిలో పై అరలో ఉంది, తీసుకోవాలంటే ఎవరినో అడగాలి. నెలకు ఎన్ని గొడవలకు ఆ రెండు వస్తువుల స్థానం కారణమో ఇంట్లో ఎవరూ లెక్కేయలేదు.

మొదట అందరినీ కలిపి కూర్చోబెట్టకూడదు. కలిపి కూర్చోబెడితే ఎవరు గట్టిగా మాట్లాడతారో వాళ్ల కథే కేసవుతుంది. ఒక్కొక్కరితో విడిగా 45 నిమిషాలు, ముందు పెద్దాయనతో. ఫోన్ చేసింది కొడుకు కాబట్టి మనం కొడుకు మనిషిమనే అనుమానం ఆయనకు అప్పటికే ఉంటుంది. అందుకని వరుస ముఖ్యం. పదహారేళ్ల పిల్లతో తల్లిదండ్రుల అనుమతి తీసుకుని విడిగా మాట్లాడాలి. ఏది వాళ్లకు చెబుతామో, ఏది చెప్పమో ఆ పిల్లకు ముందే చెప్పాలి.

ఫిర్యాదు రాసుకునే పద్ధతిలోనే సగం పని ఉంది. "గౌరవం లేదు", "ఎప్పుడూ సణుగుడే", "మొండి" అన్న మాటలు కాగితం మీద రాయం. ఏం జరిగింది, చివరిసారి ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గదిలో అని మాత్రమే రాస్తాం. "పిల్లకు గౌరవం లేదు" అన్నది "మంగళవారం సాయంత్రం ఐదున్నరకు చెప్పులేసుకుంటూ, నేనడిగితే మొహం చిట్లించింది" అవుతుంది. అలా రాస్తే ఈ ఇంట్లో అందరివీ కలిపి 19 ఫిర్యాదులు తేలాయి.

వాటిని మూడు వరసలుగా వేరు చేశాం. తరాల తేడా అని అందరూ ఒకే పేరు పెట్టేదాని కింద మూడు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి వయసు: ఒంట్లో వచ్చిన మార్పు, ఏ కాలంలో పుట్టినా ఆ వయసుకి వచ్చేదే. రెండోది కాలం: ఫలానా ఏళ్లలో పెరిగారు కాబట్టి అబ్బిన అలవాటు. సమాజశాస్త్రంలో తరం అనే మాటకు కార్ల్ మన్‌హైమ్ 1928లో ఇచ్చిన అర్థం ఇదే. పదిహేడు, పద్దెనిమిదేళ్ల నుంచి పాతికలోపు చూసిన లోకమే మనిషికి మామూలు లోకంగా నిలిచిపోతుంది. మూడోది స్థానం: ఇల్లు ఎవరిది, డబ్బు ఎవరిది, ఎవరి మాట చెల్లుతుంది అన్నది.

ఏ ఫిర్యాదు ఏ వరసలోకి పోతుందో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ మనిషి ముప్పై ఏళ్లప్పుడు కూడా ఇలాగే ఉండేవారా? ఉండేవారు కాదంటే వయసు. ఈయన ఈడువాళ్లలో చాలామంది ఇలాగే చేస్తారా? అవునంటే కాలం. ఇదే మనిషి సొంతింట్లో, సొంత డబ్బుతో ఉంటే ఈ గొడవ వచ్చేదా? రాదంటే స్థానం. 19లో 8 వయసులోకి, 7 స్థానంలోకి పోయాయి. అచ్చంగా తరం తేడా అనదగ్గవి మిగిలింది నాలుగు. వరస తప్పితే మందు కూడా తప్పుతుంది. చెవి సమస్యకు సర్దుబాటు మీద ఉపన్యాసం, డబ్బు సమస్యకు "పెద్దవాళ్లు కదా, ఓపిక పట్టండి" అన్న సలహా: ఎక్కువ కేసుల్లో ఇచ్చేవీ, పనిచేయనివీ ఇవే.

చెవి దగ్గర తేలిన గొడవ

మంగళవారం సాయంత్రం ఏం జరిగిందో ఇద్దరి దగ్గరా విడిగా విని కలిపితే ఇలా ఉంది. పిల్ల చెప్పులేసుకుంటోంది. టీవీ నడుస్తోంది. "ఎక్కడికమ్మా?" అన్నారు తాతయ్య. "టెస్ట్ సిరీస్ షీట్స్ తెచ్చుకోవాలి, ఫ్రెండ్స్ వచ్చారు" అంది వంగి, చెప్పు పట్టీ చూస్తూ. "ఎక్కడికీ?" అన్నారు మళ్లీ. ఆ పిల్ల అదే మాట ఇంకొంచెం వేగంగా చెప్పింది. మూడోసారి అడిగేసరికి, "అబ్బా, చెప్పాను కదా తాతయ్యా!" అని గట్టిగా అరిచింది. "ఆ అరుపేంటి? నాకు వినపడుతోంది" అన్నారాయన. ఆయన ఫిర్యాదు: సరిగ్గా సమాధానం చెప్పదు, గొణుగుతుంది, గట్టిగా అడిగితే తిరగబడుతుంది. ఆమె ఫిర్యాదు: నమ్మకం లేదు, అనుమానంగా మూడుసార్లు అడుగుతారు.

కౌన్సెలింగ్ ఆపి చెవి పరీక్షకు పంపాం. ముందు ఇఎన్‌టీ డాక్టర్ గుబిలి తీశారు. అది తీయకుండా చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. తర్వాత ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినపడుతుందో చూసే పరీక్ష. హెర్ట్జ్ పెరిగేకొద్దీ శబ్దం సన్నం, డెసిబెల్స్ పెరిగేకొద్దీ గట్టి. మెరుగైన చెవిలో 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్స్, 1000 దగ్గర 35, 2000 దగ్గర 50, 4000 దగ్గర 65. సగటు 44. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 35 నుంచి 50 లోపు ఉంటే మధ్యస్థాయి వినికిడి లోపం. వయసుతో తగ్గేది ఎలాగూ ఉంది, దానికి 35 ఏళ్ల గ్యారేజీ మోత తోడైంది. రెండూ ముందు దెబ్బతీసేది సన్నటి శబ్దాలనే.

దీనర్థం కుటుంబానికి విడమరిచి చెప్పాలి, ఎందుకంటే "వినపడుతోంది" అని పెద్దాయన అనడం అబద్ధం కాదు. అచ్చులు బరువైన శబ్దాలు, అవి ఆయనకు బాగానే చేరుతున్నాయి. స, శ, చ, త, క లాంటి హల్లుల్లో పదునంతా పై హెర్ట్జ్‌లలో ఉంటుంది, అది చేరడం లేదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తోటివాళ్ల తెలుగు ఆయన పట్టుకోగలుగుతున్నారు, మిగతాది అలవాటుతో పూరించుకుంటున్నారు. "టెస్ట్ సిరీస్ షీట్స్" అన్నదాంట్లో ఉన్నవి ఎక్కువగా ఆయనకు చేరని శబ్దాలే. పైగా ఆడపిల్ల గొంతు సన్నం, మాట వేగం, మొహం కిందికి. కొడుకుతో బాగానే మాట్లాడతారు, పిల్లతోనే గొడవ అన్న తేడా అక్కడే ఉంది. అరిస్తే అచ్చులు ఇంకా పెద్దవవుతాయి, హల్లులు పెరగవు. ఈ రకం చెవిలో మెల్లటి మాట వినపడదు, గట్టి మాట కొట్టినట్టు తగులుతుంది. ఈ రెంటి మధ్య జాగా చాలా తక్కువ.

ఇంట్లో మాట్లాడే పద్ధతి మార్పించాం. ముందు "తాతయ్యా" అని పిలిచి ఆయన తిరిగి చూసేదాకా ఆగాలి. మూడు నాలుగు అడుగుల దూరంలో, వెలుతురు మన మొహం మీద పడేట్టు నిలబడాలి. మిక్సీ, టీవీ నడుస్తుంటే మాట్లాడకూడదు. గొంతు పెంచొద్దు, వేగం తగ్గించాలి. రెండోసారి అడిగితే అదే మాట మళ్లీ చెప్పకుండా మాట మార్చి చెప్పాలి: "కాలేజీ కాగితాలు తెచ్చుకోవాలి, గేటు దగ్గరికి." ఆయన వైపు నుంచి కూడా ఒకటి: "ఏంటీ?" అనడానికి బదులు అందినంత మేర తిరిగి చెప్పాలి. "కాగితాలా? ఎక్కడికి?" అంటే పిల్లకి అది అనుమానంలా తోచదు.

హియరింగ్ ఎయిడ్ రెండు చెవులకూ పెట్టించారు. ఒక్కో చెవికి పాతికవేల లోపు నుంచి లక్ష దాటేదాకా ఉంటాయి. కొనేముందు వారం ట్రయల్ అడిగి తీసుకోవాలి. తొమ్మిదో రోజున ఆయన తీసి సొరుగులో పడేశారు. గిన్నెల చప్పుడు, ఫ్లష్ మోత భరించలేకపోయానన్నారు. "అంత డబ్బు పోసి కొన్నాం" అని ఇంట్లో మళ్లీ రగిలింది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది, కారణం కూడా ఒకటే. ఏళ్ల తరబడి అందని శబ్దాలన్నీ మెదడుకు ఒక్కసారి అందితే ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో దానికి తెలియదు. వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ దగ్గరికి తిరిగి పంపి సౌండ్ తగ్గించి, కొన్ని వారాల్లో మెల్లగా పెంచేట్టు పెట్టించాం. మొదటి వారం రోజుకు రెండు గంటలు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరితో మాట. రెండో వారం టీవీ కలపాలి. మూడో వారం భోజనాల బల్ల. రోడ్డు మీదికి నాలుగో వారం తర్వాతే. వర్షాకాలం చెమ్మకి చెడిపోకుండా రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో ఉంచాలి. బ్యాటరీ స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి. ఈ పని మనవడికి అప్పజెప్పారు, తొమ్మిదేళ్లవాడు ఒక్క వారం కూడా మర్చిపోలేదు.

చెవితో పాటు మిగతావీ చూడాలి. షుగర్‌కి పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లకి బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఎక్కువ, అది మతిమరుపునీ చిరాకునీ పెంచుతుంది. ఈయనకు తక్కువే ఉంది. వయసు మళ్లినవాళ్ల కుంగుబాటుకు వాడే 15 ప్రశ్నల పట్టికలో 5 దాటితే డాక్టర్ చూడాలి. ఈయనకు 7 వచ్చింది, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాం. బీపీకి వాడే నీటి మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా పోయేట్టు చేసేది) రాత్రి వేసుకుంటున్నారు. డాక్టర్ దాన్ని పొద్దుటికి మార్చాక రాత్రి నాలుగుసార్లు లేవడం ఒకటి రెండుకి తగ్గింది. దాంతో మనవడి నిద్ర గురించి కోడలు చేసిన ఫిర్యాదు దానంతటదే పోయింది.

నాలుగింటికి లేచేవాళ్లు, ఒంటిగంటకు పడుకునేవాళ్లు

"పొద్దున్నే లేవడం మా పెంపకం, అర్ధరాత్రి దాకా కూర్చోవడం వీళ్ల చదువు" అన్నది పెద్దాయన మాట. "తాతయ్య కావాలనే గిన్నెల చప్పుడు చేస్తారు" అన్నది పిల్ల మాట. ఇద్దరిదీ ఒంటి గడియారమే. వయసు పెరిగేకొద్దీ నిద్ర ముందుకు జరుగుతుంది: తొమ్మిదికి కళ్లు మూతపడతాయి, నాలుగుకి మెలకువ వచ్చేస్తుంది. పదహారేళ్ల వయసులో అది వెనక్కి జరుగుతుంది: పదకొండు దాటితే గానీ నిద్ర రాదు, అయినా ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ముప్పై ఏళ్లప్పుడు గ్యారేజీలో నైట్ షిఫ్ట్ చేసి పదింటిదాకా పడుకున్న సంగతి అడిగితే పెద్దాయనే ఒప్పుకున్నారు. క్రమశిక్షణ కథ అక్కడితో ముగిసింది.

ఉపాయం కూడా వెలుతురుతోనే. ఆయన నడకను పొద్దుటి నుంచి సాయంత్రం ఐదింటికి మార్చాం. సాయంత్రం వెలుతురు పడితే నిద్ర కొంచెం వెనక్కి జరుగుతుంది. పిల్ల పొద్దున లేవగానే పదిహేను ఇరవై నిమిషాలు బాల్కనీలో కూర్చోవాలి. రాత్రి పదకొండున్నర తర్వాత హాల్లో లైటు వెయ్యకూడదు. నాలుగింటికి లేచాక ఆయనకు కావాల్సింది వేడినీళ్లు, కాఫీ. రాత్రే ఫ్లాస్కులో వేడినీళ్లు, డికాక్షన్, పాలపొడి, గ్లాసు ఆయన గదిలో పెడితే ఆరింటిదాకా వంటగదిలోకి వెళ్లాల్సిన పనిలేదు. ఏసీ గొడవ కూడా ఈ వరసలోదే. 26 మీద పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే తీరిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

తొమ్మిది లక్షలు

కేసు నిజంగా ముడిపడింది ఇక్కడ. పెద్దాయన రాసుకున్న ఫిర్యాదుల్లో పెద్దది రోజూ వచ్చే డెలివరీల మీద. వారంలో పదకొండు వచ్చాయని తేదీలతో సహా చెప్పారు. బయటికి చూస్తే పొదుపు తరానికీ ఖర్చు తరానికీ గొడవ. మూడో ప్రశ్న అడిగి చూడాలి: ఇదే మనిషి సొంత డబ్బుతో ఉంటే?

ఆర్టీసీలో ఆ రోజుల్లో రిటైరైనవాళ్లకి ప్రభుత్వోద్యోగుల లాంటి పెన్షన్ లేదు. 1995 నవంబర్‌లో వచ్చిన ఉద్యోగుల పెన్షన్ పథకం కింద వచ్చేదే. జీతంలో 6,500 వరకే లెక్కలోకి తీసుకున్న రోజులవి, చేతికి వచ్చేది నెలకు రెండున్నర వేలు కూడా ఉండదు. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి వచ్చినదాంట్లో 9 లక్షలు 2012లో ఈ ఫ్లాట్ డౌన్‌పేమెంట్‌కి ఇచ్చారు. కాగితం లేదు, అడిగినవాళ్లూ లేరు. ఇప్పుడు కటింగ్‌కి, ఆటోకి, ఊళ్లో ఎవరింట్లోనో పెళ్లికి చదివింపులకి కొడుకును అడగాలి. కొడుకు మంచివాడే. "ఎంత కావాలన్నా తీసుకో నాన్నా" అంటాడు. అంటాడు కానీ, తీసుకోవాలంటే ముందు చెప్పాలి. కొన్నాళ్లకు చెప్పడం మానేశారు, దాని బదులు డెలివరీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

దీనికి తోడు ఆర్నెల్ల కింద కేవైసీ పేరుతో వచ్చిన మోసపు ఫోన్‌కి ఓటీపీ చెప్పబోయారు. కొడుకు చూసి ఫోన్‌లో పేమెంట్ యాప్ తీసేశాడు, ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకున్నాడు. కొడుక్కి అది జాగ్రత్త. తండ్రికి, పదిమంది జూనియర్లకి ఇంజన్ విప్పడం నేర్పినవాడి చేతిలోంచి స్పానర్ లాక్కోవడం.

మొదట లెక్క వేసి చూపించాం, కొడుక్కీ కోడలికీ కలిపి, పెద్దాయన లేకుండా. 9 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఉండి ఉంటే, ఇటీవలి 8.2 శాతం రేటు మీద ఏడాదికి 73,800, మూడు నెలలకోసారి 18,450, నెలకు పెట్టుకుంటే 6,150. ఆ డబ్బు ఆయన ఇంటికి పెట్టారు కాబట్టి ఆ వడ్డీ ఆయనకు రావడం లేదు. నెలనెలా ఒకటో తారీఖున 6,000 ఆయన ఖాతాలో పడేట్టు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టమన్నాం. జేబు ఖర్చు కింద కాదు, ఆయన డబ్బు మీద ఆయనకు రావాల్సింది కింద. ఆ మాట కొడుకు నోటితోనే ఆయనకు చెప్పాలన్నది షరతు.

కోడలు అడ్డు చెప్పింది, ఆమె అడ్డులో న్యాయం ఉంది. తన జీతం మొత్తం ఈఎంఐకి పోతోంది, తల్లి ఊళ్లో ఒంటరిగా ఉంది, ఆమెకు పంపేది ఎప్పుడూ మిగిలితేనే. మధ్య తరం గోడు చాలా కేసుల్లో ఎవరూ వినరు, ఎందుకంటే ఫిర్యాదు చేసేది పెద్దలూ పిల్లలూ, మోసేది మధ్యవాళ్లు. ఈ ఇంట్లో పరిష్కారం కూడా అక్కడినుంచే వచ్చింది: రెండు వైపుల పెద్దవాళ్లకీ వెళ్లే డబ్బు నెల మొదట్లోనే తీసిపెట్టి, మిగిలినదాంట్లో ఇల్లు నడపాలి. డెలివరీల సంఖ్య దాంతోనే తగ్గింది, ఎవరూ చెప్పకుండానే.

మోసాల భయానికి ఏర్పాటు వేరు. యూపీఐకి విడిగా ఒక ఖాతా, అందులో ఎప్పుడూ పదివేలు దాటనివ్వకూడదు. పెద్ద మొత్తాలున్న ఖాతాకి యాప్ తగిలించకూడదు. పోయినా పదివేలే. తెలియని నంబరు నుంచి డబ్బు ఊసు వస్తే ఫోన్ పెట్టేసి కొడుక్కి చెప్పాలి. అప్పటికే పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి. ఆ నంబరు ఫోన్ వెనక కాగితం మీద పెద్దక్షరాలతో అంటించాం. కార్డు ఆయనకు తిరిగి ఇచ్చారు.

కూరగాయలు, పాలు, పెరుగు ఆయన డిపార్ట్‌మెంట్ అయ్యాయి. తెనాలిలో నలభై ఏళ్లు సంచి పట్టుకుని మార్కెట్‌కి వెళ్లినాయన పని ఇక్కడ యాప్ చేస్తోంది. కోపంలో కొంత దానిమీదే. నెలకు 3,000 విడిగా ఇచ్చి వారానికి రెండుసార్లు రైతుబజారు ఆయనకు వదిలేశారు. మొదటి వారంలో ఐదు కిలోల బెండకాయలు తెచ్చారు, చవగ్గా వచ్చాయని. కోడలు ఏమీ అనకుండా ఉండటానికి చాలా కష్టపడింది. మూడో వారానికి పరిమాణం కుదిరింది: రెండు పూటలకి ఏ కూరైనా ముప్పావు కిలో, ఆకుకూర కట్టలు మూడు, టమాటా రెండు కిలోలు.

ఇదే వరసలో ఇంకొకటి. పిల్లలు ఇంటికొచ్చే నాలుగు నుంచి, కోడలు వచ్చే ఏడున్నర దాకా ఇంట్లో ఉండే పెద్ద ఆయనే. చూసుకునే బాధ్యత ఉంది, చెప్పే హక్కు ఉందో లేదో ఎవరూ తేల్చలేదు. ఆయన "వద్దు" అంటారు, పిల్ల తల్లికి ఫోన్ చేస్తుంది, తల్లి "సరే వెళ్లు" అంటుంది. రోజూ మనవరాలి ముందు ఆయన మాట పడిపోతోంది. రెండు జాబితాలు రాయించాం. ఆయన నిర్ణయించేవి: బయటికి వెళ్లేటప్పుడు ఎక్కడికో, ఎప్పుడొచ్చేదో చెప్పడం, మనవడి టీవీ సమయం, సాయంత్రం టిఫిన్. అమ్మానాన్నలు నిర్ణయించేవి: ఫోన్, బట్టలు, స్నేహితులు, మార్కులు. రెండో జాబితాలో ఆయన్ని అడిగితే "వద్దు" అనకూడదు, "అమ్మనడుగు" అనాలి. మొదటి జాబితాలో పిల్ల తల్లికి ఫోన్ చేస్తే తల్లి "తాతయ్యనడుగు" అనాలి. ఈ రెండో మాట అనడం తల్లులకి మొదటిదానికంటే కష్టం. రెండు వారాలు గుర్తుచేయాల్సి వచ్చింది.

నిజంగా తరం తేడా అయినవి

ఫోన్ వాటిలో ఒకటి. A4 కాగితం మీద అడ్డంగా ఏళ్లు, నిలువుగా మనుషుల్ని రాసి, పాతికేళ్లలోపు ఎవరు ఏం చూశారో నింపించడం ఇక్కడ పనికొస్తుంది. పెద్దాయనకు 1977 నవంబర్ దివిసీమ తుఫానప్పుడు 24 ఏళ్లు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చునే రోజులు, టెలిగ్రామ్ వచ్చిందంటే గుండె ఆగే రోజులు. కొడుకు ఇంజనీరింగ్ చదువుకి ఇంటికి దూరంగా ఉండి, ఛార్జీ తగ్గేవేళకి ఎస్టీడీ బూత్ దగ్గర నిలబడినవాడు. పిల్లకి 2020లో పదకొండేళ్లు, బడి మొత్తం తెర మీదే. కాబట్టి కాల్ ఎత్తకపోతే తాతకు కీడు తోస్తుంది, మళ్లీ మళ్లీ చేస్తారు. ముందు మెసేజ్ పెట్టకుండా వచ్చిన కాల్ పిల్లకి ప్రమాద ఘంటిక. ఇద్దరి భయమూ ఒకటే, దారులు ఎదురెదురు.

ఇంట్లో ఒక ఒప్పందం పెట్టాం: ఒక్క కాల్ అంటే తీరిక చూసుకుని చెయ్యమని, వెంటవెంటనే రెండు అంటే అర్జంటు, మీటింగ్‌లో ఉన్నా ఎత్తాలి. పిల్ల పెట్టే మెసేజ్‌లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఆయన చక్కగా పేపరు చదువుతారు కానీ అది కూడబలుక్కోలేరు. చదవలేకపోయానని చెప్పడం నామోషీ, అందుకే బదులివ్వరు. పిల్ల ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టి, మైకు నొక్కి చెబితే అక్షరాలు పడేట్టు చేశారు. ఆయన ఫోన్‌లో అక్షరాల సైజు పెంచారు. వినికిడి తగ్గినవాళ్లకి వాయిస్ మెసేజ్ కంటే తెలుగు లిపిలో మెసేజే నయం.

గది తలుపు రెండోది. వసారా ఉన్న పెంకుటింట్లో పెరిగినవారికి పగటిపూట గడియ పడిన తలుపు అంటే ఏదో జరిగిందనే. ఈ పిల్లకి అది చదువుకునే సమయం. తట్టి, లోపలినుంచి జవాబు వచ్చేదాకా ఆగడం ఆయన వంతు. గడియ పెట్టకుండా దగ్గరగా వేసుకోవడం ఆమె వంతు. ఆ కుర్చీని బాల్కనీ వైపు జరపడం మాత్రం ఎవరి వంతూ కాదు, మొదటి రోజే జరిపించాం.

మూడోది, నాలుగోది తీరలేదు. పిల్ల ఇంజనీరింగ్ వద్దు, డిజైన్ చదువుతానంటోంది. స్నేహితుల్లో అబ్బాయిలున్నారు. ఈ రెంటి మీదా ఆయన అభిప్రాయం మారలేదు, మార్చాలని మేమూ ప్రయత్నించలేదు. విలువల తేడాని కౌన్సెలింగ్‌లో కరిగించబోతే మిగతా పదిహేడూ చెడతాయి. ఒక విషయం మీద ఒకసారి చెప్పొచ్చు, పిల్ల మొత్తం వినాలి. అదే విషయం అదే నెలలో రెండోసారి ఎత్తకూడదు.

జారిపోయినవి

మొదటిసారి అందరూ కలిసి కూర్చున్నప్పుడు ఉత్సాహంగా పదకొండు నియమాలు రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. వారం నిలవలేదు. ఒకేసారి మూడుకు మించి పెట్టకూడదు, అందులో ఒక్కొక్కటి ఒక్కో తరం పాటించేదై ఉండాలి. తరవాత చెవి, నిద్ర, నెల డబ్బు మూడే ఉంచి మిగతావి నెలకొకటి చొప్పున కలిపారు.

రెండో గండం డాలస్ నుంచి. ఆదివారం కాల్‌లో తండ్రి గొంతు కొంచెం మారితే కూతురు అన్నీ కనుక్కుని, వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి నిలదీస్తుంది. ఆ సాయంత్రం ఇంట్లో పెట్టుకున్న నియమాలన్నీ ఆగిపోతాయి. పరదేశంలో ఉన్న పిల్లల్ని వదిలేసి ఈ కేసులు నడపకూడదు. ఒక సెషన్‌కి ఆమెను ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి, తండ్రి చెప్పిన ఫిర్యాదు విన్న రోజే తమ్ముడిని అడగకుండా మూడు రోజులు ఆగమన్నాం. చాలావరకు మూడో రోజుకి అడగాల్సినది మిగలదు. హియరింగ్ ఎయిడ్‌ల ఖర్చు ఆమె పెట్టుకుంది.

ఇలాంటి పద్ధతి పనికిరాని ఇళ్లూ ఉన్నాయి. కొట్టడం, తిండి పెట్టకపోవడం, బలవంతంగా సంతకాలు పెట్టించుకోవడం, తాగుడు ఉన్నచోట అందరినీ కలిపి కూర్చోబెట్టడమే ప్రమాదం. అక్కడ 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. మతిమరుపు జబ్బు తేలినచోట కూడా ఒప్పందాలు నడవవు. ఒప్పుకున్న సంగతి గుర్తుండాలి కదా.

ఆరు నెలల తర్వాత చూస్తే, 19లో పన్నెండు ఫిర్యాదులు ఎవరికీ గుర్తులేవు. కుంగుబాటు పట్టికలో 7 నుంచి 3కి వచ్చారు. వాయిదా లేకుండా నెల డబ్బు పడుతోంది. కుదరనిది ఒకటి పైకి వచ్చింది: సంక్రాంతికి వెళ్లి రెండు మూడు నెలలు తెనాలి ఇంట్లోనే ఉంటానంటున్నారు పెద్దాయన, ఒంటరిగా వద్దంటున్నాడు కొడుకు. అదీగాక ఊళ్లో ఉన్న స్థలాన్ని కొడుకు పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసే మాట నడుస్తోంది. అది రాసేముందు లాయర్‌ని కలిసి, పోషణ చూసుకుంటారన్న షరతు దస్తావేజులోనే రాయించమని ఇద్దరికీ కలిపి చెప్పాం. పైన చెప్పిన చట్టంలో 23వ సెక్షన్ కింద, ఆదరణ తప్పితే ఆ బదిలీ రద్దు కోరడానికి ఆ షరతే ఆధారం. నోటి మాట మీద వెళితే తర్వాత కోర్టులో వాదన పెరుగుతుంది. కొడుకు ముందు నొచ్చుకున్నాడు, తర్వాత ముసాయిదా తనే రాయించి తెచ్చాడు. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు.